బతుకమ్మకు ముందు నల్లా తాళంచెవి

"నువ్వే ఆడవు కదమ్మా. టేపు పట్టుకొని ఉరుకుతుంటవ్. నేనెందుకు ఆడాలె?" అని పట్టులంగా మంచం మీద పడేసింది మా పదకొండేళ్ళ పిల్ల.

జవాబు లేదు నా దగ్గర. అమెరికాలో బతుకమ్మ పండుగకు వలంటీరుగా పేరు రాయించుకున్న ఏ తల్లి దగ్గరా ఉండదు. పిల్లలకు పండుగ తెలియాలని స్కూలు జిమ్, అంటే చెక్కనేల ఉన్న ఆటల హాలు, కిరాయికి తీసుకుంటాం, తీసుకున్నాక పిల్లల్ని పక్కింటావిడకు అప్పజెప్పి పనిలో పడతాం. ఏడు గంటలకు పాట ఎత్తుకునే సరికి తల్లి చేతులు ఖాళీగా ఉండాలంటే ముందే ఏమేం అయిపోవాలో అదైనా రాసి పెడదామని కూర్చున్నాను.

పూల పని మే నెలలోనే మొదలవుతుంది. మా మిషిగన్‌లో మంచు భయం పోయేది మే నడుమ. గునుగును ఇక్కడి నర్సరీలో సెలోసియా అంటారు. కోడిజుట్టులా ముడుచుకున్న రకం కొనొద్దు, పేర్చడానికి రాదు. కంకిలా సన్నగా నిలబడేది కావాలె. విత్తనం వేసిన మూడు నెలలకు గాని కంకి చేతికి రాదు కాబట్టి జూన్ మొదటి వారం దాటితే ఆశ వదులుకోవచ్చు. రంగు అద్దేటప్పుడు దారంతో కట్టలు కట్టి కొసలు మాత్రమే ముంచాలి, పేపరు మీద రాత్రంతా ఆరబెట్టాలి. తడి మీద పేరిస్తే ఆ రంగు ముందు మీ చీరకు, తర్వాత జిమ్ నేలకు అంటుతుంది.

తంగేడు ఈ చలికి బతకదు. దాని బదులు సెప్టెంబరులో రోడ్ల పక్కన పచ్చగా పూసే గోల్డెన్‌రాడ్ బాగుంటుంది. దాంతో తుమ్ములొస్తాయని కొందరు హాల్లోకి రానివ్వరు. తుమ్ములు తెప్పించేది అదే కాలంలో కనబడీ కనబడకుండా పూసే రాగ్‌వీడ్. పార్కుల్లో మాత్రం కోయొద్దు. ఎవరి పెరట్లోనో అడిగి కోసుకొని, తేనెటీగలు పోయేలా బాగా దులిపి తెచ్చుకోవాలి. లేదంటే కిరాణా దుకాణం ముందు అమ్మే పసుపు చామంతి కుండీలు. అడుగు ఎత్తు బతుకమ్మకు రెండు మూడు పడతాయి.

థర్మకోల్ కోన్‌కు గుండుసూదులతో పూలు గుచ్చి తెచ్చేవాళ్ళతో నాకు ఏటా పేచీ. నీళ్ళలో వదిలితే అది మునగదు, పక్కకు వాలి తేలుతుంది. సూదులు రాలి అడుగున పడతాయి, పిల్లలు ఉత్త కాళ్ళతో దిగుతారు. అల్యూమినియం ట్రేలో గుమ్మడాకులు పరిచి, ఒక్కో వరుసకూ కాడలు లోపలికి పెట్టి, నడుమ తరిగిన కాడలూ ఆకులూ కూరుకుంటూ పోతే చాలు, ఏ కోనూ అక్కర్లేదు. ఇంత పట్టుబట్టే నేను ప్లాస్టిక్ కొలనుకు ఒప్పుకున్నాను, బ్యాటరీ దీపాలకు ఒప్పుకున్నాను. గీత ఎక్కడ గీశానని పిల్ల అడిగితే చూపించలేను.

దీపాల సంగతిలో మాత్రం వేరే దారి లేదు. కర్పూరం, అగరుబత్తి పొగకు అలారం మోగిందంటే వందల మంది పట్టుచీరలతో, పసిపిల్లలతో బయట చలిలో నిలబడి ఫైరింజన్ కోసం ఎదురుచూడాలి.

ఇక కొలను. పార్కు చెరువులో పూలు వదలాలంటే అనుమతి కావాలి, చాలాచోట్ల ఇవ్వరు. పైగా పొద్దుగూకగానే గేటు మూస్తారు. అందుకే స్కూలు పార్కింగులో గాలి నింపే కొలను పెట్టుకుంటాం. ఆరడుగుల కొలనులో పది అంగుళాల నీళ్ళంటే ఆరు వందల యాభై లీటర్లకు పైనే. నింపాక నలుగురు కలిసి తోసినా జరగదు. దీపస్తంభం దగ్గర, కార్లు తిరిగే దారికి దూరంగా, పక్కన గడ్డి ఉన్న చోటు చూసుకొని అక్కడే నింపాలి. గార్డెన్ పైపుతో ఇరవై నిమిషాల పని. కానీ స్కూలు బయటి గోడ నల్లాకు తిప్పే పిడి ఉండదు, చిన్న చదరపు మొన మాత్రమే ఉంటుంది. నాలుగు వైపులా నాలుగు సైజుల మూతులున్న తాళంచెవితో గాని అది తిరగదు. హార్డ్‌వేర్ షాపులో సిల్‌కాక్ కీ అని అడిగితే ఇస్తారు, సంచిలో ఒకటి పడేసుకోండి. స్కూలు వాళ్ళకు ముందే చెప్పాలి, లేకపోతే దొంగతనంగా నీళ్ళు పట్టినట్టే. తాళంచెవి లేని ఏడాది బాత్రూము నుంచి బకెట్లే గతి. పదిహేను లీటర్ల బకెట్ నలభైసార్లకు పైన, అదీ చెక్కనేల మీదుగా. తడిసిన చెక్కనేల జారుతుంది, ఉబ్బుతుంది, డిపాజిట్ పోతుంది.

పది అంగుళాల నీళ్ళు పసిపిల్ల ప్రాణానికి చాలు. నింపిన క్షణం నుంచి ఖాళీ చేసేదాకా ఒక మనిషి అక్కడే కూర్చోవాలి, ఫోను లేకుండా. చివర్లో పూలన్నీ వలతో తీశాకే అడుగు మూత తెరవండి, లేకపోతే రేకులు అడ్డంపడి నీళ్ళు కదలవు. పసుపు, రంగుల నీళ్ళు గడ్డిలోకి వదలాలి, రోడ్డు కాలువలోకి కాదు.

చప్పట్లు కలవకపోవడానికి అందరూ పిల్లలకు రాదని తిడతారు. తప్పు స్పీకర్లది. వేదిక మూలన పెడితే ముప్పై మీటర్ల అవతల ఉన్నవాళ్ళకు పాట దాదాపు సెకనులో పదోవంతు ఆలస్యంగా చేరుతుంది. ఇటువాళ్ళు చేతులు విప్పేసరికి అటువాళ్ళు కొడుతుంటారు. బ్యాటరీ స్పీకరు బతుకమ్మల పక్కనే నడుమ పెడితే వలయం చుట్టూ ఒకేసారి వినబడుతుంది, కాళ్ళకు వైరు తగలదు. పాట చెప్పేవాళ్ళు ఒక్కరే ఉండాలి. డీజే పాట వేస్తే ఉయ్యాలో అనడానికి నోళ్ళు తెరుచుకోవు.

సద్దుల గురించి, అంటే పండుగకు కలిపే అన్నాల గురించి, ఎక్కువ చెప్పను. రెండు వందల మందికి ఐదు రకాలు, రకానికి మూడు కిలోల బియ్యం. పెరుగు సద్ది ఇంట్లో పాలతో కలిపి చెంచాడు తోడు వేసి తేవాలి, లేకపోతే ఆరింటికే పులుస్తుంది. పల్లీ, నువ్వుల ట్రేలు విడిగా పెట్టి పేర్లు రాయాలి. 2023 జనవరి నుంచి అమెరికాలో నువ్వులు కూడా ప్రధాన అలర్జీల చట్టం కిందికి వచ్చాయి.

ఇవన్నీ కుదిరి ఏడింటికి వలయంలో నిలబడ్డాం అనుకుందాం. పిల్ల వస్తుందా? కాగితపు ప్లేటులో చిన్న బతుకమ్మ వాళ్ళ చేతే పేర్పించండి, వాళ్ళ ఈడు వాళ్ళను లోపలి వలయంలో పెట్టండి అని సలహా ఇస్తుంటాను. మా పిల్ల పేర్చింది, ఎత్తుకొని వచ్చింది, నడుమ దించి పోయి మెట్ల మీద కూర్చుని ఫోను తీసింది. ఇంట్లో రోజూ పది నిమిషాలు తెలుగు మాట్లాడని తల్లి ఏడాదికొకసారి పూలు పేర్పించి ఏం ఆశిస్తుంది?

పెద్ద పిల్లలు మాత్రం బాగా వస్తున్నారు. ఆడడానికి కాదు, హైస్కూల్లో లెక్కకు వచ్చే సేవా గంటల కోసం. కుర్చీలు మడుస్తారు, పార్కింగు చూస్తారు, పూలు చెత్తసంచుల్లో నింపుతారు. సంస్థ లాభాపేక్ష లేనిదిగా నమోదై ఉంటేనే చాలా స్కూళ్ళు ఆ గంటలు ఒప్పుకుంటాయి, కన్నవాళ్ళ సంతకం చెల్లదు. అందుకని మా పిల్లలు హైస్కూలుకు వచ్చే నాటికని ఇంకో వలంటీరు తల్లీ నేనూ ఇప్పుడే మాట్లాడి పెట్టుకున్నాం: వాళ్ళ పిల్లవాడి కాగితం మీద నా సంతకం, నా పిల్ల కాగితం మీద ఆవిడది.