మునసబు ఏ పక్షం?

పరాయి పాలన అంటే ఏమిటో డాలస్‌లో పుట్టి పెరిగిన పిల్లాడికి మన స్వాతంత్ర్య పోరాటం కథలతో చెప్తే ఎక్కదు, ఆగస్టు 15 ఫంక్షన్‌లో డాన్సు దాకే. మావాడికి ఎక్కింది 'బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా' అనే అమెరికా టీవీ సీరియల్ మూడో సీజన్, అదీ ఈ వేసవిలో తిరుపతిలో మా నాన్న వాళ్ళింట్లో, ఎండకి గడప దాటలేక చూసింది.

అది 2006లో వచ్చింది. ఇరాక్‌లో అమెరికా సైన్యం ఉన్న రోజులు. ఇందులో సైలాన్లనే యంత్రాలు న్యూ కాప్రికా గ్రహాన్ని ఆక్రమించి అక్కడి మనుషుల్ని ఏలుతుంటాయి. ఒంటికి బాంబు కట్టుకుని పోయేది శత్రువు కాదు, మనం ఇన్నాళ్ళూ అభిమానించిన పక్షం మనిషి. చంపేది ఎవరిని? సైలాన్ల కింద పోలీసుల్లో చేరిన సాటి మనుషుల్ని. రోజూ ఇరాక్ వార్తలు చూసే అమెరికా జనానికి ఇది చూపించారంటే ధైర్యమే. మావాడి ఫ్రెండ్ వాళ్ళ నాన్న ఇరాక్‌లో పనిచేసి వచ్చినాయన, చాలా మంచివాడు. వీడు ఆ మాట ఎత్తలేదు గానీ కాసేపు గమ్మునైపోయాడు.

ముసుగులేసుకున్న పోలీసులు రాత్రిపూట ఇళ్ళలోకి చొరబడి జనాన్ని ఎత్తుకుపోతుంటే మా నాన్న అడిగినాడు, "వీళ్ళు యంత్రాలా, మనుషులా?"

"మనుషులే తాతా."

"అయితే మా తాత మాదిరే."

మా ముత్తాత చంద్రగిరి దగ్గర పల్లెలో మునసబు. దొరలకి శిస్తు వసూలు చేసేవాడు, కట్టలేనోళ్ళ సామాను జప్తు చేయించేవాడు. ఇంట్లో దీన్ని గొప్పగానే చెప్పుకుంటాం, పెళ్ళి సంబంధాలప్పుడు మరీను! వీడు వదల్లేదు, ఎవరూ తిరగబడలేదా అన్నాడు. 1801లో ఈ సీమ ఆర్కాటు నవాబు నుంచి ఈస్టిండియా కుంపిణీ చేతికి పోయిందనీ, ఆ తర్వాత చిత్తూరు పాళెగాళ్ళు తిరగబడితే అణిచేశారనీ, అణిచిన సిపాయిల్లో మనవాళ్ళే ఎక్కువనీ చెప్పాను.

సీరియల్‌లో గేటా అని ఒకడుంటాడు. సైలాన్లు ఆడించే ప్రభుత్వంలో పనిచేస్తూనే తిరుగుబాటుదారులకి రహస్యంగా సమాచారం అందిస్తాడు, సైలాన్ల పీడ వదిలాక అది తెలియక సొంతవాళ్ళే వాడిని చంపబోతారు. మునసబు తాత కూడా లోపల అట్లాంటోడేమో అని వీడి ఆశ.

"అట్లాంటిదేం లేదు నాయనా," అన్నాడు మా నాన్న. "పొలం బాగా సంపాదించినాడు."

ఆ పొలంలో ఒక చెక్క అమ్మే నన్ను ఎమ్మెస్‌కి అమెరికా పంపించారు. అదీ వాడికి చెప్పాను.