పదే పదే

పోయిన శనివారం చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లాను. మా చిన్నవాడికి వీసా వచ్చింది, 108 ప్రదక్షిణల మొక్కు మాత్రం నాది. (వాడికి షాపింగ్‌తోనే సరిపోతోందట!) మెహదీపట్నంలో బస్సెక్కిన దగ్గర్నుంచి గోవింద నామం అనుకుంటూనే ఉన్నాను. తీరా గుడి చుట్టూ తిరగడం మొదలుపెట్టాక నోరు గోవిందా అంటోంది, మనసు చుట్లు లెక్కపెట్టుకునే కార్డు మీద ఉంది. 32 టిక్కు పెట్టానా, లేదా? నా ముందు ఇద్దరు పిల్లలు వీసా స్లాట్ల గురించి మాట్లాడుకుంటూ పరుగులాంటి నడక. ఒకాయన ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆఫీసు కాల్‌లో ఉన్నాడు, మధ్యమధ్యలో కార్డు మీద టిక్కు. ఒళ్లు మండింది. ఆ మంటలో నా 33, 34 ఎటు పోయాయో నాకే తెలియదు.

ప్రదక్షిణ చేస్తూ చదివే ‘యాని కాని చ పాపాని’ శ్లోకం అందరికీ నోటికొచ్చిందే. దాని చివరి మాట దగ్గర ఒక్కసారి ఆగండి. ‘ప్రదక్షిణ పదే పదే’. పాపాలు పోయేది చుట్టుచుట్టుకీ అనలేదు, అడుగడుగునా అన్నారు. మనం తెలుగులో ‘పదే పదే’ని మళ్లీ మళ్లీ అనే అర్థంలో వాడీ వాడీ, అందులో పాదం ఉందన్న సంగతే మరిచిపోయాం. పదే పదే ఫోన్ చూస్తాం, పదే పదే ఫ్రిజ్ తెరుస్తాం. శ్లోకంలో ‘పదే’ అంటే అడుగులో. రెండుసార్లు అంటే ప్రతి అడుగులోనూ. కార్డు మీద చుట్లకు అంకెలున్నాయి. అడుగులకు ఎవరు వేస్తారు అంకెలు?

గీత ఆరో అధ్యాయం 26వ శ్లోకంలోనూ ఇలాంటి జంట మాటలే: ‘యతో యతో’, ‘తతస్తతో’. మనసు ఎక్కడెక్కడికి పోతే అక్కడక్కడి నుంచి వెనక్కి తెచ్చుకో అన్నాడు స్వామి. ఎన్నిసార్లో చెప్పలేదు. అది పోతూనే ఉంటుందని ఆయనకు తెలుసు. అంతా విన్న అర్జునుడే 34వ శ్లోకంలో ‘ఇది గాలిని పట్టుకోవడమే’ అని మొరపెట్టుకున్నాడు, ఇక మనమెంత!

నిండు చూలాలు నూనె కుండ మోస్తూ నడిచినట్టు ప్రదక్షిణ చేయాలంటారు పెద్దలు. మా పెద్దవాడు కడుపులో ఉన్నప్పుడు బోరింగు దగ్గర్నుంచి బిందె తెచ్చుకునేదాన్ని. ఆ నడక నాకు తెలుసు. కాలు ఎక్కడ పెడుతున్నానో తప్ప ఇంకేమీ తలకెక్కేది కాదు. ఏకాగ్రత అని దానికో పేరుందని కూడా అప్పట్లో తెలియదు.

అందుకే చెబుతున్నాను, ఫోన్లు సంచిలో పడేయండి. తొందరుంటే ఇంకో రోజు రండి, స్వామి ఎక్కడికీ పోడు. పరీక్షలకు చదివే పిల్లలూ, మీకూ ఇదే మాట. పేజీ మధ్యలో మనసు కూకట్‌పల్లి దాటిపోయిందా? తిట్టుకుంటూ కూర్చోకండి, ఏ లైను దగ్గర వదిలారో ఆ లైనుకే రండి. మళ్లీ పోతుంది. మళ్లీ రండి.

నేను ఆ రోజు 32 దగ్గర్నుంచి మళ్లీ తిరిగాను. మొత్తం ఎన్నయ్యాయో స్వామికే తెలియాలి. నిన్న పొద్దున ఇంట్లో తులసికోట చుట్టూ మూడే మూడు ప్రదక్షిణలు. రెండో దాంట్లో కుక్కర్ విజిళ్లు లెక్కపెడుతున్నాను.