రెండూ ఒకే వైపు వాలినవే

రూపాయి బిళ్లంత చక్రాలు రెండు కావాలి, అంతే నా అవసరం. దానికి ఒక క్యాజువల్ లీవు, రానూపోనూ ఆరు వందల పైచిలుకు కిలోమీటర్లు పట్టాయి. ఆటోలకు పోసిన డబ్బు చక్రాల ఖరీదును ఎప్పుడో దాటిపోయింది. మా ఆవిడ లెక్క అడగలేదు గానీ, చూసిన చూపులో లెక్కంతా ఉంది.

నేను విజయవాడలో కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్తాను. ఇంటి వెనక రేకుల షెడ్డులో లోహపు రాడ్లను తిప్పుతూ చెక్కే ఒక బుల్లి లేత్ మిషన్ ఉంది. సాయంత్రాలు దాని దగ్గరే గడుస్తాయి. ఈమధ్య నర్లింగ్ పిచ్చి పట్టుకుంది. మా నాన్న సేఫ్టీ రేజర్ పిడి మీద చిన్న చిన్న డైమండ్ గళ్లు ఉండేవి. సబ్బు నురగ చేత్తో పట్టుకున్నా జారేది కాదు. ఆ గరుకే నర్లింగ్. దాన్ని చెక్కినట్టు కనిపిస్తుంది గానీ, నేను చేసే పద్ధతిలో ఒత్తుతారు. తిరుగుతున్న రాడ్డుకు గట్టి స్టీలు చక్రాలను అదిమితే వాటి పళ్లు లోహంలోకి దిగుతాయి, పళ్ల మధ్య లోహం పైకి ఉబ్బుతుంది. పని అయ్యాక కొలిస్తే రాడ్డు మొదటికన్నా కాస్త లావుగా ఉంటుంది.

పెద్ద లేతులకైతే చక్రాలను ఒక పక్క నుంచి నెట్టే హోల్డర్ చాలు. నా బుల్లిదాని మీద అలా నెడితే ఒత్తిడంతా రాడ్డును తిప్పే స్పిండిల్ బేరింగుల మీద పడుతుంది. ఒకసారి ప్రయత్నిస్తే మిషన్ మూలిగింది. అందుకని పైనొకటి కిందొకటి చక్రం పెట్టి, పట్టకారులా రాడ్డును నొక్కే హోల్డర్ నేనే తయారుచేసుకున్నాను. రెండు ఇనప చేతులు, మధ్యలో బిగించడానికి ఎం8 బోల్టు, చక్రాలకు ఇరుసులుగా 6 మి.మీ. డోవెల్ పిన్నులు. అన్నీ కుదిరాయి, చక్రాలు తప్ప.

లారీని మొత్తం విప్పి మళ్లీ బిగించగల ఆటోనగర్ ఉన్న ఊళ్లో ఇవి దొరకవా అనుకున్నాను. హోల్డర్‌తో కలిపి అయితే ఇస్తాం, విడిగా ఇవ్వం అన్నారు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే రంధ్రం పావు అంగుళం, అంటే 6.35 వచ్చింది. ఆ కాస్త తేడాకే చక్రం పిన్ను మీద తాగినవాడిలా ఊగింది. “సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లండి సార్, అక్కడ దొరకందంటూ ఉండదు” అన్నాడు బేరింగుల షాపు కుర్రాడు. ఆదివారం వెళ్తే షట్టర్లు చూసి రావాలి కాబట్టి శనివారం లీవు పెట్టి పొద్దున్నే శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఖమ్మం ఎప్పుడు పోయిందో తెలీదు, కాజీపేట దగ్గర మెలకువ వచ్చింది.

సికింద్రాబాద్ స్టేషన్ బయట ఆటోవాడు రాణిగంజ్‌కి నూట యాభై అన్నాడు. రెండు మూడు కిలోమీటర్లు కూడా ఉండదు. నడుద్దామనుకున్నాను, ఎండ చూసి ఎక్కేశాను. ఇలాంటి నిర్ణయాలన్నీ కలిపితేనే నా జీతం.

రాణిగంజ్ సందుల్లో పంపులు, మోటార్లు, వాల్వులు, బెల్టులు, గొలుసులు షాపుల్లోంచి పొర్లి ఫుట్‌పాత్ మీదికి వచ్చేశాయి. మనిషి నడిచే చోటు మిగిలేదే తక్కువ, అందులోనూ తోపుడుబండి అడ్డం. అయిదు షాపుల్లో ఒకటే జవాబు: “హోల్డర్ ఉంది, మూడు జతలొస్తయ్, తీస్కోండి.” ఆరో షాపులో ఓనరు ఫోన్ దించకుండానే పై అరకేసి వేలు చూపించాడు. కుర్రాడు నిచ్చెనెక్కి నల్లగా జిడ్డు పట్టిన అట్టపెట్టె దించాడు. నిండా చక్రాలే! ఆ క్షణాన నాకు పెళ్లిచూపులంత టెన్షన్.

జేబులోంచి వెర్నియర్ తీశాను. బయటి కొలత 20, మందం 8, రంధ్రం 6, పిచ్ అంటే పంటికీ పంటికీ మధ్య దూరం 1 మిల్లీమీటరు. ఓనరు అప్పుడు ఫోన్ పక్కన పెట్టి, “బంగారం కొంటున్నరా సార్?” అన్నాడు. జతకు ఆరు వందలు చెప్పి నాలుగు వందల యాభైకి దిగాడు. దినపత్రిక ముక్కలో చుట్టి ఇచ్చాడు. అన్నీ కొలిచాననుకున్నాను.

ఆకలేసి పక్కనే ఒక ఇరానీ హోటల్లో కూర్చున్నాను. మా దగ్గర రెండు టీలొచ్చే డబ్బుకి ఇక్కడ ఒక చాయ్. కప్పు చూస్తే సగం సాసరులోనే ఉంది. నా ఎదురుగా ఒక పెద్దమనిషి ఉస్మానియా బిస్కెట్ ముంచుకుంటున్నాడు. కొన్న వస్తువును ఇంటికెళ్లేదాకా విప్పకుండా ఉండే ఓపిక నాకు పుట్టుకతోనే లేదు. పొట్లం విప్పి, సరదాగా ఒక చక్రాన్ని ఆ కాగితం మీదే దొర్లించాను. జిడ్డుకి నల్లటి ఏటవాలు గీతలు అచ్చు పడ్డాయి. బాగుంది. రెండోదాన్ని వాటి మీదుగానే దొర్లించాను, గళ్లు పడతాయని. పడలేదు. గీతలు ఇంకాస్త దట్టమయ్యాయి, అంతే.

గుండె జారింది. డైమండ్ గళ్లు రావాలంటే ఒక చక్రం పళ్లు కుడికి వాలాలి, ఇంకోదానివి ఎడమకి. నా దగ్గరున్నవి రెండూ కుడివే. లెక్కల మాస్టారు రంధ్రాన్ని మిల్లీమీటరులో వందో వంతు దాకా కొలిచాడు గానీ పళ్లు ఎటు వాలాయో చూడలేదు.

నా మొహం చూసి ఎదుటాయన ఏమైందన్నాడు. చెప్పాను. “ఒకదాన్ని తిప్పి పెట్టుకోండి” అన్నాడు తేలిగ్గా. తిప్పితే మారదండీ, మర బోల్టును తలకిందులు చేసినా మర అదే వైపు తిరుగుతుంది కదా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. చక్రం తీసుకుని తిప్పి దొర్లించాడు. మళ్లీ అదే వాలు. ఇంకోసారి తిప్పాడు. “ఏదో మోసం ఉంది దీన్ల” అని బిస్కెట్ ముక్క నోట్లో వేసుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. ఉచిత సలహాల మీద ఆ పూట నాకున్న కోపమంతా ఆయన మీదే చూపించి, బిల్లు కట్టి లేచాను.

షాపులో ఓనరు పెట్టె మొత్తం బోర్లించాడు. ఎడమది ఒక్కటీ లేదు. మరి జత అని ఎందుకమ్మారంటే, “రెండిచ్చిన కదా సార్, జతే కదా” అన్నాడు. డబ్బు వాపసు లేదని బిల్లు మీద అచ్చేసి ఉంది. బయటికొస్తుంటే నిచ్చెన కుర్రాడు వెనకాలే వచ్చి, “బాలానగర్ పోండన్నా, లేత్ షెడ్లల్ల అడగండి” అని చెప్పి లోపలికి పరిగెత్తాడు.

ప్యారడైజ్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, బాలానగర్ స్టేషన్లో దిగాను. పేరే బాలానగర్, షెడ్లకు మళ్లీ ఆటో. 1968లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉన్నది ఈ పారిశ్రామికవాడలోనే. ఇంజినీరింగ్‌కి బదులు లెక్కలు తీసుకున్నందుకు నేను బాధపడేది ఇలాంటి చోట్లే. మూడు షెడ్లలో పని చూసుకోమన్నారు. నాలుగోదాంట్లో అరవై దాటిన టర్నర్ ఒకాయన అన్నం డబ్బా మూత పెడుతూ కనిపించాడు.

చక్రాలు రెండూ చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకోలేదు, పళ్ల మీద బొటనవేలి గోరు గీశాడు. “రెండు గొకటే దిక్కు వాలినయ్ తమ్మీ.” తర్వాత రెండింటినీ పక్కపక్కన ఆనించి తిప్పబోయాడు. పళ్లు పళ్లలో కూర్చోలేదు, జారిపోయాయి. పాత బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి బల్ల మీద కుమ్మరించాడు. తుప్పువి, అరిగినవి, విరిగినవి, జత తప్పినవి. ఒక్కోదాన్నీ నా చక్రానికి ఆనించి తిప్పుతూ పక్కన పెడుతున్నాడు. ఎనిమిదోదో తొమ్మిదోదో ఆనించగానే రెండూ గేరు పళ్లలా ఒకదాన్నొకటి పట్టుకుని తిరిగాయి. వెలుతురుకి ఎత్తి చూపించాడు, మధ్యలో సందు లేదు. ఎడమ కుడి సంగతీ, పిచ్ సంగతీ ఒక్క తిప్పుతో తేలిపోయాయి. నా జేబులో వెర్నియర్ బరువెక్కింది.

మర్యాద నిలబెట్టుకోవాలని నా లెక్క చెప్పాను. పిచ్‌ను పళ్లకు అడ్డంగా కొలుస్తారు, పళ్లు 30 డిగ్రీలు వాలి ఉన్నాయి కాబట్టి రాడ్డు చుట్టూ చూస్తే అది 1.155 అవుతుంది, రాడ్డును 19.85 మి.మీ.కి తగ్గిస్తే చుట్టూ సరిగ్గా 54 గీతలు పడతాయి, చక్రం రెండో చుట్టులో పక్క దారి తొక్కదు అని. ఆయన ఓపిగ్గా విన్నాడు. “లెక్క మంచిదే బిడ్డా. గాని మొదటి చుట్టులనే గట్టిగ ఒత్తు. భయపడి మెల్లగ తాకిస్తే రెండు దార్లు పడ్తయ్. నూనె మస్తుగ పొయ్యి.” లెక్కలో లేని భయాన్ని ఎలా పట్టాడో!

ఊరికే ఇస్తాడనుకున్నారా? నా కొత్త కుడి చక్రం ఒకటి తీసుకుని, ఆ పాతది ఇచ్చి, పైన వంద అడిగాడు. కొత్తదిచ్చి పాతది పుచ్చుకుని ఎదురు డబ్బివ్వడం నా సర్వీసులో ఇదే మొదటిసారి. “ఒక పన్ను మూల కొట్టుకపోయింది, ముందే చెప్తున్న” అని గోటితో చూపించాడు కూడా. ఇచ్చేశాను.

తిరుగు శాతవాహన అప్పటికి ఏ జనగామలోనో ఉండి ఉంటుంది. కూకట్‌పల్లిలో ఆర్టీసీ బస్సు పట్టుకున్నాను. సూర్యాపేట దగ్గర ఆపిన హోటల్లో రెండు ఇడ్లీలకు వాళ్లు తీసుకున్న డబ్బు గురించి ఇంకోసారి రాస్తాను.

మర్నాడు 20 మి.మీ. ఇత్తడి రాడ్డును 19.85కి దించి, గట్టిగా ఒత్తి, నూనె పోసి, చక్రాలను రాడ్డు బిగించి ఉన్న చక్‌వైపు నడిపాను. నాన్న రేజరు మీద ఉండేలాంటి గళ్లు. కానీ చక్‌వైపు చివర, మూడు మిల్లీమీటర్ల మేర, ఒక గీత తక్కువైంది. పన్ను మూల విరిగింది అక్కడే. చుట్టూ అన్ని పళ్లుండగా ఏదో ఒకటి పూడ్చాలిగా? చక్రం పళ్లు లెక్కపెట్టాను, 54. రాడ్డు మీదా 54. ప్రతి చుట్టుకూ ఆ విరిగిన పన్నే మళ్లీ అదే గీత మీదికి వస్తోంది. లెక్క మరీ సరిపోయింది.

చాలాసేపు చూశాక, పిన్ను లాగి, ఆ చక్రాన్ని తిప్పి పెట్టాను. వాలు మారలేదు, విరిగిన మూల మాత్రం ఇవతలి వైపుకి వచ్చింది. చక్‌వైపు ఇప్పుడు నిండు పళ్లున్నాయి. ఇంకో రాడ్డు బిగించాను.