ఎర్ర లైటు వెలుగుతుంటే రౌటర్ పోయిందన్నారు – నా అనుభవం

ఈ మధ్యాహ్నమే మా ఇంట్లో నెట్ మళ్ళీ వచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

నేను కాకినాడలో ఉంటూ ఆన్‌లైన్‌లో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను. పరీక్షల ముందు నెట్ పోయింది. ఫోన్‌లో వైఫై గీతలు నిండుగానే ఉన్నాయి. ఆ గీతలు ఫోన్‌కీ రౌటర్ బాక్స్‌కీ మధ్య సంగతే చెబుతాయి, బయట లైన్ సంగతి కాదు. బాక్స్ ఆపి మళ్ళీ వేశాను, లాప్‌టాప్‌కి నేరుగా కేబుల్ పెట్టాను. అప్పుడూ రాలేదంటే తప్పు వైఫైది కాదు. పైగా బాక్స్ మీద ఎల్ఓఎస్ (లాస్ ఆఫ్ సిగ్నల్) అన్న చోట ఎర్ర లైటు కొట్టుకుంటోంది. మాది ఫైబర్ కనెక్షన్, సన్నని గాజు తీగలో వెలుతురుగా నెట్ వస్తుంది. లైన్లో వెలుతురు సరిగా అందడం లేదని దానర్థం.

కస్టమర్ కేర్‌కి ఇదే చెప్పాను. "మేడం, ఇంట్లో సార్ ఉంటే ఒకసారి ఫోన్ ఇవ్వండి" అన్నాడు. ఇంట్లో కనెక్షన్ నా పేరున ఉంది, బిల్లు కట్టేది నేను. ఎర్ర లైటు అని మళ్ళీ చెబితే, పిన్నుతో రీసెట్ నొక్కమన్నాడు. నొక్కనన్నాను. అది నొక్కితే బాక్స్ కంపెనీ నెట్‌లోకి లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చెరిగిపోతాయి, అవి మళ్ళీ ఎక్కించేదాకా లైన్ బాగుపడినా నెట్ రాదు. ఎవరు చెప్పినా ఎర్ర లైటుకి రీసెట్ నొక్కకండి.

తర్వాత వచ్చిన కుర్రాడూ గుమ్మంలోనే "సార్ లేరా?" అన్నాడు. లోపలికొచ్చి బాక్స్‌కి గుచ్చిన ఫైబర్ తీగ ఆకుపచ్చ కనెక్టర్ పీకి, కొసని చొక్కాకి తుడిచి మళ్ళీ గుచ్చాడు! వెలుతురు ప్రయాణించే దారి అందులో తొమ్మిది మైక్రాన్లే, వెంట్రుకకన్నా సన్నం. చిన్న నలుసు చాలు దాన్ని అడ్డుకోడానికి. లైటు ఎర్రగానే ఉంది. "రౌటర్ పోయింది మేడం, కొత్తది మూడు వేలు" అన్నాడు, లైటు వైపు చూడకుండానే.

నేను లాప్‌టాప్‌లో బాక్స్ సెట్టింగుల పేజీ 192.168.1.1 తెరిచి బాక్స్‌కి అందుతున్న వెలుతురు ఎంతో చూపించాను. మైనస్ 29 డీబీఎం. డీబీఎం అంటే వెలుతురు బలానికి కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గినట్టు. మా బాక్స్ రకానికి మైనస్ 27 దాటితే నిలవదు. "బాబూ, వెలుతురు కొలిచే పవర్ మీటర్ తెచ్చి బయట తీగ చూడు, అప్పుడు మూడు వేల మాట" అన్నాను. మీటర్ తేలేదన్నాడు. చదువుకున్న ఆడదాన్ని నా ఇంట్లో నిలబెట్టి ఇలా మాట్లాడితే ఊరుకోవాలా? నేను ఊరుకోలేదు. కస్టమర్ కేర్‌కి నా కంప్లైంట్ నమోదైన డాకెట్ నంబర్ చెప్పి, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం అప్పీలుకు వెళ్తానని గట్టిగా చెప్పాను.

అప్పుడు పంపారు ఒక పెద్దాయన్ని. ఆయన ఏమీ మాట్లాడకుండా వీధంతా తీగ వెంబడే నడిచారు. మలుపు దగ్గర పెళ్ళి పందిరి వాళ్ళు షామియానా తాడు మా ఫైబర్ మీంచి లాగి స్తంభానికి బిగించారు. తీగ అక్కడ మడతపడిపోయింది. "మడిస్తే వెలుతురు కారిపోద్దమ్మా" అన్నారు. నలిగిన ముక్క కోసేసి జాయింట్ వేశారు. ఎర్ర లైటు ఆగింది. పేజీలో మైనస్ 19 చూపించింది. ఆయనకు మజ్జిగ ఇచ్చి పంపాను.

నెట్ లేని రోజులకు బిల్లు తగ్గించమని మెయిల్ పెట్టాను. డాకెట్ నంబర్, ఎర్ర లైటు ఫొటో, మైనస్ 29 చూపించిన పేజీ ఫొటో జత చేశాను. తగ్గించకపోతే అప్పీలు కాగితం సిద్ధంగానే ఉంది.