రక్తాన్ని ఐస్‌లో పెట్టకండి, డాక్టరుగారూ

గుంటూరులోనో కర్నూలులోనో ఎంబీబీఎస్ ముగించి బెంగళూరులో బయాలజీ పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్ల మొదటి అనుమానం, ఎమ్మెస్సీ లేకుండా రానిస్తారా అని. రానిస్తారు. పరిశోధన ఫెలోషిప్ పరీక్ష అయిన సీఎస్‌ఐఆర్ నెట్‌కు 55 శాతం మార్కులున్న ఎంబీబీఎస్ చాలు. బెంగళూరులోని పరిశోధన సంస్థలు ఐఐఎస్‌సీ, ఎన్‌సీబీఎస్‌ల్లోనూ అది అర్హతే. నెట్ లైఫ్ సైన్సెస్‌లో సగం బరువు పార్ట్ సీదే: 75 ప్రశ్నల్లో 25 రాస్తే 100 మార్కులు. మొక్కలు, జీవావరణం చూసి కంగారుపడక్కర్లేదు. 50 వదిలేసే వీలుంది కాబట్టి ఇమ్యునాలజీ, బయోకెమిస్ట్రీ, కణ జీవశాస్త్రం గట్టిగా పట్టుకోండి. తప్పు రాస్తే పావువంతు పోతుంది, ఊహించి రాయకండి.

డబ్బు సంగతి: 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, రెండేళ్లయ్యాక 42,000, ఇంటద్దె వేరు. నైట్ డ్యూటీలతో పూడ్చుకుందామంటే ఫుల్‌టైమ్ ఫెలోషిప్‌లో మామూలుగా కుదరదు. సంతకం పెట్టేముందు నిబంధనలు చదవండి. వయసు మించిపోయిందని దిగులా? మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివిన మన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో పీహెచ్‌డీ పట్టా అందుకున్నది 1930లో, 35 ఏళ్లప్పుడు. అంతకు ఐదేళ్ల ముందే హార్వర్డ్ శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రచురించారు. కండరాల్లో శక్తిని నిల్వచేసే ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది ఆ కొలతల దారిలోనే.

డాక్టర్లు ల్యాబ్‌లో దెబ్బతినేది కూడా కొలతల దగ్గరే, వార్డు అలవాట్ల వల్ల. రోగి రక్తంలోంచి లింఫోసైట్లు, మోనోసైట్లు అనే తెల్లకణాలను వేరుచేసే పనే తీసుకోండి. ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష) సిరంజిని ఐస్‌లో పెట్టి పంపిన చెయ్యి ఈ ట్యూబునూ ఐస్ బాక్సులో పెట్టేస్తుంది. ఇక్కడ అది తప్పు. రక్తమూ, కణాలను సాంద్రతను బట్టి పొరలుగా విడదీసే ఫైకాల్ ద్రవమూ 18–20 డిగ్రీల దగ్గర ఉండాలి. చల్లబడితే ఫైకాల్ సాంద్రత మారి పొరలు సరిగ్గా విడిపోవు. అలాగని పొద్దున తీసిన రక్తాన్ని సాయంత్రం దాకా ఉంచినా నష్టమే: గ్రాన్యులోసైట్లనే మరో రకం తెల్లకణాలు తేలికై, కిందికి దిగాల్సినవి మీకు కావలసిన పొరలోనే ఉండిపోతాయి. కోరమంగల నుంచి హెబ్బాళ ఫ్లైఓవర్ దాటి ఎన్‌సీబీఎస్ ఉన్న జీకేవీకే చేరేసరికి ఎంతసేపవుతుందో బెంగళూరులో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ట్రాఫిక్ తగ్గే వేళ చూసి శాంపిల్ తీయండి.

50 మిల్లీలీటర్ల ట్యూబులో 15 మిల్లీలీటర్ల ఫైకాల్ పోయండి. 15 రక్తానికి 15 పీబీఎస్ (ఉప్పు బఫర్ ద్రావణం) కలిపి, ట్యూబును వంచి, గోడ వెంబడి నెమ్మదిగా దాని మీదికి వదలండి. సెంట్రిఫ్యూజ్‌లో 400 జీ (గురుత్వానికి 400 రెట్లు) దగ్గర 30 నిమిషాలు తిప్పాలి. 400 అంటే ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) కాదు, ఈ పొరపాటు ఏటా ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. బ్రేక్ ఆపేయడం మరవద్దు. బ్రేక్ పడితే మధ్యలో మబ్బులా తేలే మీ కణాల ఉంగరం చెదిరిపోతుంది. తర్వాత పీసీఆర్ (డీఎన్‌ఏ నకళ్లు పెంచి చూసే పరీక్ష) ఉంటే ఊదా మూత ఈడీటీఏ ట్యూబే వాడండి, ఆకుపచ్చ మూత ట్యూబులోని హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది.

ఒకే ఆర్‌ఎన్‌ఏను ప్లేటులోని మూడు వెల్స్‌లో (గుంటల్లో) వేసి ‘ఎన్’ (నమూనాల సంఖ్య) మూడు అనకండి. ఒకే రోగికి మూడుసార్లు బీపీ చూస్తే ముగ్గురు రోగులవుతారా? విచిత్రమేమిటంటే, ఈ మాట క్లినిక్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు. కణాల కల్చర్‌లో చేరే బ్యాక్టీరియా మైకోప్లాస్మా కథా అంతే. దానికి కణగోడ లేదని, పెనిసిలిన్ పనిచేయదని పరీక్షలో రాసినవాళ్లే కల్చర్‌లో పెనిసిలిన్-స్ట్రెప్టోమైసిన్ ఉందిగా అని ధీమాగా ఉంటారు. అది చేరినా మీడియం తేటగానే కనిపిస్తుంది. 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లోంచీ జారిపోగలదు. నెలకోసారి పీసీఆర్‌తో చూసుకోవాలి.

చివరిగా ఎథిక్స్ కమిటీ. రోగి ఒకచోట, ల్యాబ్ మరొకచోట అయితే సాధారణంగా రెండుచోట్లా అనుమతి కావాలి. కోర్స్‌వర్క్ నడుస్తుండగానే దరఖాస్తు పెట్టేయండి. అందులో రక్తం 15 మిల్లీలీటర్లు అని బిగించి రాయకండి. ఒక ట్యూబు గడ్డకట్టినా రెండోది తీసేందుకు వీలుండేలా సమ్మతి పత్రంలోనే ఆ మాట చేర్చండి, లేకపోతే ఆ కాస్త రక్తం కోసం సవరణ పట్టుకుని మళ్లీ కమిటీ ముందుకెళ్లాలి.