పాయింట్ల బ్లాక్ టైముకు ముగిసిందంటే ఎవరిని మెచ్చుకోవాలి?

స్టేషన్ యార్డులో బండ్లను ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పాయింట్ల దగ్గర, బ్లాక్‌లో (బండ్లు ఆపి పనికిచ్చిన టైములో) టాంపింగ్, అంటే స్లీపర్ల కింద కంకర బిగించే పని ముగిసి, మెషిన్ లూప్ లైన్లోకి వెళ్లగానే గ్రూపులో ఫొటో పడుతుంది. కింద ఇంజినీరింగ్ వాళ్లకు అభినందనలు వరసకడతాయి. అభినందించాల్సిందే. కానీ ఆ ఫొటోలో సిగ్నల్ మెయింటెయినర్ ఉండడు, ఓహెచ్ఈ (లైను పైన కరెంటు వైర్లు చూసే) స్టాఫ్ ఉండరు. వాళ్లు చేసిన పని తెలియాలంటే స్లీపర్ల మధ్యకు వంగి చూడాలి.

టాంపింగ్ మెషిన్ ఉక్కు పళ్లు కంకరలోకి దిగి, అదురుతూ, కంకరను స్లీపర్ కిందకి నెడతాయి. పాయింట్ల దగ్గర 3, 4 నంబర్ల స్లీపర్ల మీద పాయింట్ మోటారు కూర్చుంటుంది. అక్కడ పాయింటును కదిపే రాడ్లు అడ్డం. అవి విప్పితే తప్ప పళ్లు దిగవు. విప్పాల్సింది సిగ్నల్ వాళ్లు. అదీ టీ-351 ఫారం మీద డిస్కనెక్షన్ మెమో (విప్పుతున్నామన్న నోటీసు) ఇచ్చి, స్టేషన్ మాస్టర్ సంతకం పడ్డాకే స్పానర్ పట్టాలి.

అంతకన్నా ముఖ్యమైన పని ముందురోజే జరిగిపోతుంది. మంచి మెయింటెయినర్ పాయింటు పొడవునా నడిచి, లైన్లో బండి ఉందో లేదో చెప్పే ట్రాక్ సర్క్యూట్ వైర్లు, కేబుళ్లు పోయే ప్రతిచోటా స్లీపర్ మీద పెయింట్‌తో గుర్తు పెడతాడు. ఆ గుర్తు లేకపోతే మెషిన్ పన్ను వైరును తెంపేస్తుంది. పని అయిపోయి లైను ఖాళీగా ఉన్నా స్టేషన్ మాస్టర్ ప్యానెల్ మీద ఎర్రగానే చూపిస్తుంది, సిగ్నల్ పడదు, బండి బయటే నిలబడుతుంది. ఆ నిమిషాలు సిగ్నల్ ఫెయిల్యూర్ పేరుతో రాస్తే అది అన్యాయం. తెగిందెలాగో ఇంజినీరింగ్, సిగ్నల్ వాళ్లిద్దరూ కలిసి చూసి, ఉన్నదున్నట్టు రాయాలి. గుర్తులు పెట్టినందువల్ల తెగని వైరు గురించి మాత్రం ఎక్కడా రాయరు. నా లెక్కలో మొదటి మెప్పు దానికే.

ఓహెచ్ఈ వాళ్ల సంగతి. సూటి లైన్లో ఇంజిన్‌కు కరెంటు అందించే కాంటాక్ట్ వైరును ట్రాక్ మధ్యరేఖకు అటూ ఇటూ 200 మి.మీ. దాకా జరిపి కడతారు. టాంపింగ్‌లో ట్రాక్‌ను 50 మి.మీ. పక్కకు జరిపితే (స్లూ చేస్తే) ఒక మాస్ట్ (వైరును మోసే స్తంభం) దగ్గర ఆ 200 కాస్తా 250 అవుతుంది. ట్రాక్‌ను ఎత్తితే వైరు ఎత్తు అంతమేరకు తగ్గుతుంది. పైన ఉన్నది 25,000 వోల్టులు. అందుకే ఏ మాస్ట్ నుంచి ఏ మాస్ట్ దాకా ఎంత లిఫ్ట్, ఎంత స్లూ అన్నది ఇంజినీరింగ్ వాళ్లు ముందే చీటీ మీద రాసివ్వాలి. నోటిమాట చాలదు. పట్టా కోయాల్సి వస్తే ఇంకో జాగ్రత్త: ఇంజిన్ నుంచి తిరిగివెళ్లే రిటర్న్ కరెంటు పట్టాలోనే పోతుంది కనుక, కోతకు ముందే రెండు వైపులా కలుపుతూ జంపర్ వైరు కట్టాలి.

బ్లాక్ ఎక్కువగా బర్స్ట్ అయ్యేది, అంటే ఇచ్చిన టైము దాటిపోయేది, చివరి అరగంటలో. మెషిన్ ఆగగానే గ్యాంగ్ సామాను సర్దుకుంటుంది, సిగ్నల్ మనిషి ఒక్కడే మిగులుతాడు. రాడ్లు బిగించి, టంగ్ రైలు (పాయింట్లో పక్కకు కదిలే పట్టా) కొన నుంచి 150 మి.మీ. దగ్గర 5 మి.మీ. ముక్క పెట్టి మోటారు తిప్పుతాడు. ఆ అడ్డు ఉండగా పాయింట్ లాక్ కాకూడదు. లాక్ అయితే మళ్లీ సర్దాలి. అప్పుడు స్లీపర్ కింద ప్యాకింగ్ వదులుగా ఉందని తేలితే కంకర కొట్టే బీటర్ పట్టే మనిషి కావాలి. అందుకే టెస్ట్ ముగిసి, రీకనెక్షన్ మెమో ఇచ్చేదాకా నలుగురు ట్రాక్‌మెన్‌ను అక్కడే ఉంచాలి. రెండు గంటల బ్లాకయితే మెషిన్‌ను గంటన్నరకే ఆపాలి. ఇంకో నాలుగు స్లీపర్లు కొడదామన్న ఆశ దగ్గరే లెక్క తప్పుతుంది.

బండ్ల రాకపోకలు నడిపించే సెక్షన్ కంట్రోలర్‌నూ మరవద్దు. గూడ్స్‌ను వెనక స్టేషన్లో పెట్టి, అడిగిన టైముకే బ్లాక్ ఇచ్చింది ఆయన.

మెచ్చుకునేటప్పుడు ‘అందరికీ ధన్యవాదాలు’ అంటే ఎవరికీ అందదు. ‘ఫలానా పాయింటు 5 మి.మీ. టెస్ట్ మొదటిసారే పాసయింది, ఒక్క వైరూ తెగలేదు’ అని పేరుపెట్టి రాయండి. రాసి ఆ మనిషికే కాదు, ఆయన పై అధికారి ఎస్ఎస్ఈకి (సీనియర్ సెక్షన్ ఇంజినీర్‌కు) పంపండి. మెయింటెయినర్ పనితీరు రిపోర్టు రాసేది ఇంజినీరింగ్ ఆఫీసు కాదు, సిగ్నల్ ఆఫీసు. మీ గ్రూపులో పెట్టిన మెసేజ్ ఆ ఆఫీసుకు చేరదు.