స్టేజీ మీద ట్యాబ్: వైఫై, హమ్, ఎండ

ట్యాబ్‌తో సౌండ్ మిక్సర్ నడిపే బ్యాండ్‌ని ఎక్కువగా ముంచేది వైఫైయే. సౌండ్ చెక్‌లో అంతా బాగుంటుంది, జనం నిండాక ట్యాబ్‌లో ఫేడర్ (సౌండ్ పెంచే, తగ్గించే స్లైడర్) జరిపితే కదలదు. చాలా మిక్సర్లలో లోపలుండే వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తుంది. అక్కడ ఒకదానికొకటి అడ్డుపడని ఛానళ్లు మూడే: 1, 6, 11. వందల ఫోన్లు వాటి మీదే పడతాయి. అందుకే విడిగా డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఉన్న) రౌటర్ కొని, ల్యాన్ కేబుల్‌తో మిక్సర్‌కి కలిపి, ట్యాబ్‌ని 5 గిగాహెర్ట్జ్‌లో పెట్టండి. రౌటర్‌ని ర్యాక్‌లో దాచకండి, తల కంటే ఎత్తులో స్టాండుకి కట్టండి. ఇంటర్నెట్ లేదని ట్యాబ్ ఒక్కోసారి తనంతట తానే వేరే నెట్‌వర్క్‌కి మారిపోతుంది, మిగతావాటికి ఆటో జాయిన్ తీసేయండి.

ట్రాక్స్ ప్లే చేసే ట్యాబ్‌కి ఛార్జర్ పెట్టగానే స్పీకర్లలో హమ్ (ఆగకుండా 'మ్‌మ్' అనే మోత) మొదలైతే అది చాలావరకు గ్రౌండ్ లూపే, అంటే ఛార్జర్, మిక్సర్ వేర్వేరు దారుల్లో ఎర్త్‌కి కలవడం. ట్యాబ్‌కీ మిక్సర్‌కీ మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్టీరియో డీఐ బాక్స్ (సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె) పెట్టి, దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కండి. హమ్ పోవాలని ఎర్త్ పిన్ తీసేయడం మాత్రం వద్దే వద్దు, ప్రాణాల మీదికి వస్తుంది.

ఐప్యాడ్‌ని 35 డిగ్రీల లోపు వాడమని ఆపిల్ చెబుతుంది. మే నెలలో గుంటూరు ఓపెన్ స్టేజీ మీద సాయంత్రం 5 గంటలకీ అంతకు మించే ఉంటుంది. కవర్ తీసి నీడలో ఉంచండి, బ్రైట్‌నెస్ తగ్గించండి. అయినా ట్యాబ్ వేడెక్కి ఆగిపోతే చూసుకోవడానికి పాటల ప్రింటు స్టాండు వెనక క్లిప్ చేసే ఉండాలి.